బొట్టు పెట్టిన శాంపిల్ పెట్టె

వెంకటనర్సమ్మ కూర్చున్నా సొట్టపోని పెట్టె ఎక్కడికి పంపినా నిలుస్తుంది. ఈ మాట నాది కాదు. ఆమె భర్త బుచ్చిరాములు కొత్తగా వచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పే మాట.

నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో వాళ్ల రేకుల షెడ్డు ఉండేది. అందులో ట్రంకు పెట్టెలు చేసేవాళ్లు. హాస్టలు పిల్లలు బట్టలూ పుస్తకాలూ పెట్టుకుని తాళం వేసి, తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకుంటారే, ఆ పెట్టెలు. ఒక పెట్టె పూర్తి కాగానే బుచ్చిరాములు "ఏయ్, జర ఇటు రా" అని కేకేసేవాడు. ఆమె చేతిలో పని పక్కన పెట్టి, కుచ్చిళ్లు సవరించుకుని, దర్జాగా వచ్చి మూత మీద కూర్చునేది. మూత కుంగకపోతే పెట్టె పాసైనట్టు. మనిషి బొద్దుగా ఉంటుంది. ఆ సంగతి ఆమే ముందు చెప్పేసి ఎదుటివాళ్ల నోరు కట్టేసేది.

"నా కంటె పెద్ద మిషను పెట్టి టెస్టు జేసెటోడు ఉంటె తోల్కరాండ్రి సారూ" అనేది నాతో.

ఆ సారును నేనే. పేరు జనార్ధనరావు, పుట్టింది తెనాలి పక్కన. బతుకంతా ఇక్కడే, ఒక ప్రభుత్వరంగ కర్మాగారంలో కొనుగోళ్ల సెక్షన్‌లో గడిచింది. ముప్ఫై ఒక్క ఏళ్లు టెండర్లు పిలిచాను, కవర్లు విప్పాను, అందరి రేట్లూ పక్కపక్కన రాసి పోల్చాను, చాలామందిని ఏడిపించాను. రిటైరై నాచారంలోనే ఇల్లు కట్టుకుంటే, సందులో షెడ్ల వాళ్లందరూ ఇంగ్లీషు ఫారాలు పట్టుకుని నా వరండాకు రావడం మొదలుపెట్టారు. చదివి చెప్పేవాణ్ణి, నింపి పెట్టేవాణ్ణి, తప్పు చేస్తే తిట్టేవాణ్ణి. నాకు 'టెండరు సారు' అని పేరు పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ పేరు వింటే నాకు ఒళ్లు పొంగేది. నా భార్య తారామణి మాత్రం "ఆఫీసులో అయితే తిట్టినందుకు జీతమైనా ఇచ్చేవాళ్లు" అనేది.

బుచ్చిరాములు దంపతులది జనగామ దగ్గర పల్లె. పెళ్లయిన ఏడాదికే ఇక్కడికి వచ్చారు. ఆయన నాచారంలో ఉక్కు బీరువాలు చేసే కంపెనీలో రేకు కత్తిరించేవాడు, ఆమె మందుల కంపెనీలో సీసాలకు లేబుళ్లు అంటించేది. పదేళ్ల తర్వాత ఆ బీరువాల కంపెనీ మూతపడింది. ఊరికి పోదామని ఆయన అంటే ఆమె వినలేదట. "పెద్ద బీరువ జేసిన సెయ్యి చిన్న పెట్టె జెయ్యలేదా?" అని అడిగిందట. అంతే, షెడ్డు అద్దెకు తీసుకున్నారు. ఆయన రేకు కోసి వంచేవాడు, ఆమె రేకులు అతికే రివిట్లు కొట్టి రంగు వేసేది. ఆ సందులో సుత్తి పట్టిన ఆడమనిషి ఆమె ఒక్కతే. ఒకరిద్దరు నవ్వారట. ఆమె వాళ్లకు కూడా పెట్టెలు అమ్మింది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. కొత్త రకం పెట్టె మొదటిసారి షెడ్డు దాటుతుంటే గొళ్లెం పైన పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. అదేమిటమ్మా అని ఒకసారి అడిగితే, "ఆడివిల్లను అత్తగారింటికి పంపితె బొట్టు వెట్టకుంట పంపుతమా సారూ?" అంది. 

రెండువేల ఆరు, జూన్. అప్పటికి మేమింకా ఉప్పల్ మున్సిపాలిటీ, గ్రేటర్ హైదరాబాదులో కలవలేదు. ఒక ప్రభుత్వ శాఖ హాస్టళ్ల కోసం ట్రంకు పెట్టెలకు టెండరు పిలిచింది. ఏ శాఖో చెప్పను. చెబితే వాళ్లు నా మీద కేసు వేస్తారు, అది ఏ కోర్టులో వెయ్యాలో తేలేసరికి నా ఆయుష్షు అయిపోతుంది. బడులు జూన్‌లో తెరిస్తే పెట్టెలు దసరాకు చేరాలని ఫారంలో రాసి ఉంది. సర్కారు పంచాంగం అలాగే ఉంటుంది.

బుచ్చిరాములు అంతవరకూ పెద్ద కంట్రాక్టర్ల కింద చేసి ఇచ్చేవాడే కానీ సొంత పేరుతో టెండరు వెయ్యలేదు. ఇదే మొదటిది. నేను ఫారం మొత్తం చదివి చెప్పాను. రేట్ల కవరుతో పాటు ఒక శాంపిల్ పెట్టె ఇవ్వాలి. ఆఫీసువాళ్లు దానికి ఒక నంబరు చీటీ కడతారు. ఏ పెట్టె ఎవరిదో తెలియకుండానే కమిటీ పరీక్ష చేస్తుంది. అందుకని శాంపిల్ మీద తయారు చేసినవాళ్లను గుర్తుపట్టే గుర్తు ఏదీ ఉండకూడదు.

"అంటే పేరు ఉండకూడదు, స్టిక్కరు ఉండకూడదు, ఫోన్ నంబరు ఉండకూడదు" అని నేను వేళ్లు మడిచి మరీ చెప్పాను.

బుచ్చిరాములు భయభక్తులతో విన్నాడు. రేకు మీద కంపెనీ ముద్ర ఉంటే దాన్ని కూడా గీకి రంగు వేశాడు. ఇచ్చే రోజు పెట్టెను ట్రాలీ ఆటోలో ఎక్కిస్తుంటే నేను వెళ్లాను. వెంకటనర్సమ్మ పరుగున వచ్చి గొళ్లెం పైన పసుపు పూసి, నడిమధ్య రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. ఫారం చదివింది నేను. నిబంధన చెప్పింది నేను. ముప్ఫై ఒక్క ఏళ్లు ఇలాంటివి పట్టుకుని ఎంతోమందిని బయటికి పంపింది నేను. ఆ బొట్టును కళ్లారా చూశాను. చూసి ఏం చేశానో తెలుసా? చెప్పులు విప్పి పెట్టెకు దణ్ణం పెట్టి "శుభం" అన్నాను.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. షెడ్డులోనే చదివాను. రేట్లలో బుచ్చిరాములుదే అందరికంటే తక్కువ. కానీ శాంపిల్ మీద గుర్తించదగిన చిహ్నం ఉన్నందున టెండరు తిరస్కరించడమైనది. చిహ్నం ఏమిటో కూడా రాశారు. పసుపు కుంకుమ.

బుచ్చిరాములు కోపిష్టి కాదు. నాకు పరిచయమైనప్పటి నుంచి ఆయన గొంతు పెరగడం నేను వినలేదు. ఆ రోజు మాత్రం సుత్తి కింద పడేసి భార్య వైపు తిరిగాడు.

"గా బొట్టు ఎవరు వెట్టమన్నరే నిన్ను? నీ సేతులార ముంచినవ్ గద!"

వెంకటనర్సమ్మ రివిట్ల డబ్బాకు మూత పెట్టింది. చేతులు కడుక్కుంది. ఇంటికి వెళ్లిపోయింది. అప్పుడు నేను నోరు తెరవాల్సింది. "ఆమెది కాదయ్యా తప్పు, నాది. నేను చూసి కూడా చెప్పలేదు" అనాల్సింది. అనలేదు. టెండరు సారుకు బొట్టు కనబడలేదని నలుగురూ నవ్వుతారని భయం. ఉత్తరం నాలుగు మడతలు పెట్టి ఆయన చేతికిచ్చి, "ప్రాప్తం లేదనుకో" అన్నాను. నా జీవితంలో అంత చచ్చు మాట ఇంకోటి అనలేదు.

మర్నాటి నుంచి ఆమె షెడ్డుకు రావడం మానేసింది. అలక కాదు. వండేది, వడ్డించేది, మాట్లాడేది. కానీ పెట్టె ముట్టుకోదు. పెట్టెల మీద ఇప్పుడు బుచ్చిరాములే కూర్చుని చూసుకోవాలి. ఆయన ఎండు కట్టె. ఆయన కూర్చుంటే అట్టపెట్టె కూడా పాసవుతుంది.

ఒకరోజు తారామణి వాళ్లింటికి వెళ్లి వచ్చి ఒక సంగతి చెప్పింది. బయల్దేరేటప్పుడు వెంకటనర్సమ్మ కుంకుమ భరిణె తెచ్చిందట. బొట్టు పెట్టకుండా భరిణె చేతికిచ్చి, "మీరే వెట్టుకోండ్రి అమ్మా, నా సెయ్యి మంచిది గాదు" అందట. ఆ ఏడాది ఆషాఢంలో అమ్మవారికి బోనం కూడా ఎత్తలేదు. కుండకు పసుపు పూయమని ఆడపడుచుకు ఇచ్చేసింది. పద్దెనిమిదేళ్లుగా ఎత్తుతున్న బోనం అది. వింటుంటే నాకు అన్నం సయించలేదు.

ఆ వారంలోనే బుచ్చిరాములు మా వరండాకు వచ్చాడు.

"సారు, కేసు వెయ్యాలె."

"ఆర్డరు కోసమా?"

"ఆర్డరు పోతె పోయింది. నేనన్న మాట ఉన్నది సూడుండ్రి, అది పోతలేదు. తప్పయిందే అన్న. ఒక్కసారి గాదు, మూడుసార్లన్న. 'నువ్వు మంచోనివి గనుక గట్లంటున్నవ్, తప్పయితె నాదే' అంటది. నా మాట ఇనది. తప్పు దానిది గాదని ఎవలన్న పెద్దోళ్లు జెప్పాలె. కోర్టు కంటె పెద్దోళ్లెవరున్నరు సారు?"

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆయన నోరు జారి ఏడుస్తున్నాడు. నేను నోరు తెరవక కూర్చున్నాను. ఇద్దరిలో ఎవడు పెద్ద వెధవో నాకు తెలుసు. తెలిసి కూడా "పద, వకీలు దగ్గరికి వెళ్దాం" అన్నాను.

రామంతాపూర్‌లో ఉమాపతి అని మాకు తెలిసిన వకీలు ఉన్నాడు. మంచివాడు, ఫీజు ఇచ్చినంత తీసుకుంటాడు. ఎల్‌.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో ఆయనకు కుర్చీ ఉంది. లోకంలో ఏ గొడవ పుట్టినా తన కుర్చీ ఉన్న కోర్టే తీర్చాలని ఆయన నమ్మకం. "షెడ్డు నాచారంల ఉన్నది, నాచారం రంగారెడ్డి జిల్లల ఉన్నది. ఇంకేం ఫికర్?" అన్నాడు. ఆ పెట్టెల ఆర్డరు వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపమని దావా వేశాడు.

ఉప్పల్ రింగురోడ్డులో బస్సెక్కి నాగోలు మీదుగా వెళ్లాం. మా వంతు వచ్చింది. జడ్జిగారు కాగితాలు తిరగేసి, "టెండరు పిలిచింది ఎక్కడ?" అని అడిగారు. హైదరాబాదులో అన్నాడు ఉమాపతి. "కాదన్నది ఎక్కడ?" అదీ హైదరాబాదులోనే. "మరి నా దగ్గరికెందుకు వచ్చారు?"

"పెట్టె పుట్టింది నాచారంలో మిలార్డ్" అన్నాడు ఉమాపతి.

"పెట్టె పుట్టిన చోటు కాదండీ, గొడవ పుట్టిన చోటు కావాలి. పైగా మీవాడు సంతకం పెట్టిన ఫారంలోనే తగాదాలన్నీ హైదరాబాదు కోర్టుల్లో అని రాసి ఉంది" అని, సరైన కోర్టులో వేసుకోమని దావా కాగితాలు వాపసు ఇచ్చేశారు.

బుచ్చిరాములుకు ఇది అస్సలు మింగుడు పడలేదు. బస్సులో దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు. "మా ఇంటికి ఉత్తరమొస్తె నాచారం, హైదరాబాదు అనే ఉంటది గద సారు. పోస్టుమాన్‌కు మేము హైదరాబాదోళ్లం, జడ్జి సారుకు కామా?" పోస్టాఫీసు హద్దు వేరు, కోర్టు హద్దు వేరని చెప్పాను. "మరి మనిషి హద్దు ఎక్కడున్నట్టు?" అన్నాడు. కండక్టరు కూడా నవ్వాడు.

సరే, హైదరాబాదు సిటీ సివిల్ కోర్టుకు వెళ్దామన్నాడు ఉమాపతి. అక్కడ ఆయనకు కుర్చీ లేదు, ఒక స్నేహితుడి కుర్చీలో సగం ఉంది. కౌంటరులో కాగితాలు చూసిన పెద్దమనిషి, సర్కారు మీద దావా వెయ్యాలంటే ముందు నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలన్నాడు. అంత తొందరైతే నోటీసు లేకుండా వేసుకోవడానికి జడ్జిగారిని విడిగా అనుమతి అడగాలట. ఆ అనుమతి అడిగితే వాయిదా పడింది. వాయిదాకు వెళితే జడ్జిగారు సెలవు. అప్పటికి ఆగస్టు సగమైంది. రెండో తక్కువ రేటు వేసినవాడికి ఆర్డరు ఇచ్చేశారు, వాడు పెట్టెలు చేరవేయడం కూడా మొదలుపెట్టాడు. రెండు కోర్టులు తిరిగాం. బొట్టు ఊసు ఒక్కచోటా రాలేదు. ఎక్కడికి వెళ్లినా 'ఇక్కడ కాదు' అన్నదే వినపడింది.

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లగానే వెంకటనర్సమ్మ అడిగేదట, "ఏమన్నరు?" అని. "ఇంకా మన మాట దాక రాలే" అనేవాడు. ఆమె తల ఊపి వంటింట్లోకి వెళ్లిపోయేదట.

నాకు మేనకోడలు ఒకతె ఉంది, సాయి ప్రియ. మల్కాజిగిరిలో ఉంటుంది. అప్పటికి హైకోర్టులో ప్రాక్టీసు పెట్టి నాలుగేళ్లు. ఒక ఆదివారం భోజనానికి వచ్చి మా కథంతా విని నెత్తి కొట్టుకుంది.

"మామయ్యా, ముప్ఫై ఏళ్లు టెండర్లు చూశారు, ఇది ఎక్కడికి వెళ్లాలో తెలీదా? ప్రభుత్వ ఆఫీసు ఒకణ్ణి అన్యాయంగా పక్కకు నెడితే నేరుగా హైకోర్టులో రిట్ వెయ్యొచ్చు."

"మా మీద రిట్లు పడేవి గానీ నేనెప్పుడూ వెయ్యలేదే" అన్నాను. అది నిజమే. దొంగకు పోలీసుస్టేషను లోపల తెలుస్తుంది గానీ ఫిర్యాదు ఎలా రాయాలో తెలియదు కదా.

బుచ్చిరాములును పిలిపించి సాయి ప్రియ మొదట్లోనే ఒక మాట చెప్పింది. "అన్నా, ఒకటి గుర్తు పెట్టుకో. నీ పెట్టె మంచిదా, వాళ్లది మంచిదా అని హైకోర్టు చూడదు. ఆర్డరు నీకే ఇమ్మని కూడా చెప్పదు. అది ఆఫీసు పని. నిన్ను కాదన్న తీరు న్యాయమా కాదా, అది ఒక్కటే చూస్తుంది."

బుచ్చిరాములు మొహం వెలిగిపోయింది. "గదే గావాలె అమ్మా! నాకు ఇంకేం వద్దు."

కోర్టుకిచ్చే ప్రమాణపత్రం రాసుకుంటూ, బొట్టు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని అన్నీ అడిగింది. ఆఫీసులో శాంపిల్ ఇచ్చిన గది ఎలా ఉందని కూడా అడిగింది. బుచ్చిరాములుది పనివాడి కన్ను. గదిలో రెండు బీరువాలు ఉన్నాయని, ఒకదాని తలుపు బందు వదులుగా ఉందని, రెండింటి తలుపుల మీదా పసుపూ కుంకుమా ఉన్నాయని చెప్పాడు. సాయి ప్రియ కలం ఆగింది. "బీరువాలకు బొట్లున్నాయా?" అని మళ్లీ అడిగి రాసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, "బొట్టు పెట్టినప్పుడు మీరు కూడా ఉన్నారా మామయ్యా?" అంది.

"ఉన్నా గానీ, నేను అటు... ఆటోవాడితో మాట్లాడుతున్నా" అన్నాను. తారామణి వంటింటి గుమ్మంలోంచి నన్ను ఒక చూపు చూసింది.

సెప్టెంబరులో వంతు వచ్చింది. బుచ్చిరాములు ఉప్పల్‌లో బస్సు దగ్గరికి ఒక కొత్త పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. "కోర్టు పెట్టె చూడదని చెప్పింది కదయ్యా!" అన్నాను. "సూడకుంటె పాయె. సూస్తనంటె లేదనొద్దు గద" అన్నాడు. కండక్టరు దానికి లగేజీ టిక్కెట్టు కొట్టాడు. హైకోర్టు గేటు దగ్గర పోలీసాయన ఆపాడు. లోపల ఏముందన్నాడు. ఏమీ లేదన్నాడు బుచ్చిరాములు. ఏమీ లేని పెట్టె కోర్టుకెందుకు తెచ్చావన్నాడు ఆయన. న్యాయమైన ప్రశ్నే. చివరికి నయాపూల్ దగ్గర ఒక చాయ్ దుకాణంలో దాన్ని అప్పజెప్పి లోపలికి పోయాం. తిరిగి వచ్చేసరికి ముగ్గురు గిరాకీలు దాని మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. మూత కుంగలేదు.

లోపల ప్రభుత్వ వకీలు గట్టిగానే వాదించాడు. నిబంధన నిబంధనే అన్నాడు. టెండరు ఇవ్వడం ఆఫీసు ఇష్టం, అందులో కోర్టు వేలు పెట్టకూడదన్నాడు.

"ఎవరికివ్వాలో మేం చెప్పం లెండి" అన్నారు జడ్జిగారు. "పసుపు కుంకుమ చూసి అది ఎవరి పెట్టో మీ కమిటీ ఎలా గుర్తుపట్టింది? అది చెప్పండి చాలు."

వకీలు ఫైలు పట్టుకుని వెనక నిలబడ్డ ఆఫీసరు వైపు చూశాడు. అప్పుడు సాయి ప్రియ లేచి, శాంపిళ్ల గదిలో బీరువాల సంగతి చెప్పింది. జడ్జిగారు ఆ ఆఫీసరునే అడిగారు.

"ఉన్నాయా బొట్లు?"

"ఉన్నాయి సార్. కిందటి దసరాకు ఆయుధపూజ చేశాం."

"జీపుకు?"

"దానికీ పెట్టాం సార్."

"మరి ఆ బొట్టు చూసి జీపు మీ ఆఫీసుదో, బుచ్చిరాములుదో చెప్పగలరా?"

కోర్టు హాలంతా నవ్వింది. ప్రభుత్వ వకీలు కూడా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. బుచ్చిరాములు ఒక్కడే నవ్వలేదు. ఇంగ్లీషులో ఏం జరుగుతోందో తెలియక, తన పేరు మాత్రం వినబడి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను చెవిలో చెప్పాను. అప్పుడు అందరూ ఆపేశాక ఆయన ఒక్కడూ నవ్వాడు.

తిరస్కరణ చెల్లదన్నారు. చేరిపోయిన పెట్టెల జోలికి వెళ్లబోమన్నారు. ఇంకా చేరని వాటికి బుచ్చిరాములు టెండరును కూడా కలిపి రెండు వారాల్లో మళ్లీ చూడమన్నారు. కమిటీ తర్వాత చూసింది, ఆ మిగిలిన మూడో వంతు ఆయనకే వచ్చింది. హాస్టళ్లకు దీపావళి దాటాక చేరాయి. కానీ నేను చెప్పాల్సింది కోర్టు కాగితం వచ్చిన రోజు సంగతి.

బుచ్చిరాములు ఆ కాగితాన్ని పాలిథిన్ సంచిలో పెట్టుకుని వచ్చి, నన్ను వాళ్లింటికి తీసుకుపోయాడు. వెంకటనర్సమ్మ చాయ్ తెచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కావాల్సిన చోటు వెతికి, తెలుగులో చెప్పాను.

"కొత్త వస్తువుకు పసుపు కుంకుమ పెట్టడం ఈ ప్రాంతంలో ఇంటింటా ఉన్న ఆచారం. దాన్ని చూసి వస్తువు ఫలానా వారిదని చెప్పడం ఎవరి వల్లా కాదు. కాబట్టి అది నిబంధనలో చెప్పిన గుర్తు కాదు. ఆ బొట్టు పెట్టడంలో ఏ తప్పూ లేదు."

"మళ్ల సదువుండ్రి" అంది.

మళ్లీ చదివాను. ఇంకోసారి అంది. మూడోసారి చదివాను.

"గా జడ్జి సారుకు నేనెవరో ఎర్కనా?"

"తెలియదమ్మా. నీ పేరు కూడా కాగితంలో లేదు."

"నేనెవరో ఎర్క లేకుంటనే జెప్పిండా" అంది. "అయితె నిజమే."

కొంగుతో మొహం తుడుచుకుంది. బుచ్చిరాములు ఏం చెయ్యాలో తోచక, మిఠాయి తెస్తానని బయటికి పరుగెత్తాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

మేమిద్దరమే మిగిలాం. అంత పెద్ద కోర్టు ఆమెను వదిలేసింది. నన్ను పిలవనే లేదు. ఇక ఆగలేకపోయాను.

"అమ్మా, ఒక మాట. ఆ రోజు ఆటోలో పెట్టె ఎక్కిస్తుంటే ఆ బొట్టు నేనూ చూశాను. నిబంధన చదివినవాణ్ణి నేను ఒక్కణ్ణే. చెప్పలేదు. ఆయన నిన్ను అన్నప్పుడూ చెప్పలేదు. ఈ మూడు నెలలూ..."

"నాకెర్కే సారు" అంది వెంకటనర్సమ్మ. "మీరు చెప్పులు ఇడిసి దండం వెట్టుడు నేను సూసిన."

నేను గ్లాసు కింద పెట్టాను.

"మరి ఆయన అన్నప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా? సారు కూడా చూశాడని ఒక్క మాట అంటే సగం నా మీదికి వచ్చేది కదా."

"ఎందుకు సారు? నా మీద పడ్డది నా ఇంట్లనే ఉంటది. మీ మీద పడితె సందంత పోతది. రేపటిసంది గీ షెడ్లోళ్లు కాయితాలు ఎవరి తాన సదివిచ్చుకోవాలె? మిమ్ముల నమ్ముడు బందు వెడ్తె నష్టం ఎవలకు?" అని, అదేదో కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పి, "చాయ్ సల్లారుతున్నది, తాగుండ్రి" అంది.

తాగాను. ఏ రుచీ తెలియలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను ఒక్క మనిషి గురించి కూడా అంత దూరం ఆలోచించలేదు. సిగ్గేసింది. సిగ్గేసిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

ఇంటికి వచ్చి తారామణికి అంతా చెప్పాను. ఆమె మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కాఫీ నేనే పెట్టుకున్నాను. ఆ తీర్పు మీద అప్పీలుకు వెళ్లే కోర్టు నాచారంలోనూ లేదు, హైదరాబాదులోనూ లేదు. నాలుగో రోజు పొద్దున, "నాతో చెబితే సరిపోదు, సందులో అందరికీ చెప్పండి" అంది.

చెప్పాను. షెడ్డు షెడ్డుకూ వెళ్లి చెప్పాను. కొందరు నవ్వారు, ఒకాయన నేను చెబుతుండగానే తన ఫారం తీసి నా చేతిలో పెట్టాడు. బుచ్చిరాములు షెడ్డుకు చివర వెళ్లాను. వెంకటనర్సమ్మ లోపల రంగు కలుపుతోంది. బుచ్చిరాములు అంతా విని సుత్తి పక్కన పెట్టాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"అయితె గీ మూడు నెలలు నన్నొక్కన్నే గాదు సారు, మనిద్దర్నీ మోసిందన్నట్టు" అన్నాడు గొంతు తగ్గించి, లోపలికి వినబడకుండా.